స్టాన్లీనా, మిల్లర్స్ ఫాల్సా, సార్జెంటా: న్యూ ఇంగ్లండ్ పాత పనిముట్లలో ఏది కొనుక్కోవాలి

మొన్న శనివారం ఫ్రెండ్ ఒకతను ఫోన్ చేసి "అన్నా, ఇక్కడ ఎస్టేట్ సేల్‌లో స్టాన్లీ చిత్రిక ఒకటి ఉంది, వందేళ్ళ నాటిది అంటున్నాడు, 120 డాలర్లు చెప్తున్నాడు, తీసుకోనా" అన్నాడు. ఫొటోలు పంపమన్నా. నంబర్ 4 అది. బాడీ చూస్తే 1910ల నాటిది, బ్లేడు మీద గుర్తేమో 1920ల తర్వాతది, పైన బిగించే లీవర్ క్యాప్ 1933 తర్వాతది. అంటే మూడు చచ్చిన చిత్రికల్లోంచి ఒకటి కూర్చారన్నమాట, అతుకుల బొంత. అదే ఫొటోలో ఓ మూల ఎర్ర రంగు తొంగిచూస్తున్న ఇంకో చిత్రిక కనిపించింది, దాని రేటెంతో అడగమన్నా. 30 అన్నాడంట. అది మిల్లర్స్ ఫాల్స్ నంబర్ 9. అది పట్టుకుని వచ్చెయ్, మొదటిది అక్కడే వదిలెయ్ అన్నా.

ఈ టైపు ఫోన్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి, మన తెలుగోళ్ళలో గరాజ్‌లో చెక్కపని మొదలెట్టినవాళ్ళు బానే పెరిగారు, అందరూ అడిగేది ఒకటే, ఏ కంపెనీది కొనాలి అని. అందుకే నాకు తెలిసినంత ఒకచోట రాసిపెడుతున్నా. నేనుండేది మసాచుసెట్స్‌లో కాబట్టి చెప్పేదంతా ఎక్కువగా ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల గురించే. నిజానికి నా మొదటి సలహా కూడా అదే. మీరెక్కడుంటే ఆ చుట్టుపక్కల తయారైన సరుకు మీద దృష్టి పెట్టండి. ఇనుము బరువు, షిప్పింగ్ ఖర్చు వస్తువు రేటుతో పోటీ పడుతుంది. పైగా ఊళ్ళో ఫ్యాక్టరీ ఉన్నచోట ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ ఆ కంపెనీ సామాన్లు పడుంటాయి. చూడగా చూడగా కన్ను అలవాటవుతుంది, ఏది అసలు ఏది అతుకు అనేది చెయ్యి పెట్టకుండానే తెలిసిపోతుంది.

ఇక్కడ మా అదృష్టం ఏంటంటే చిత్రికలు చేసిన పెద్ద కంపెనీలు మూడూ దాదాపు ఒకే రోడ్డు మీద ఉండేవి. ఐ-91 హైవే పట్టుకుంటే కింద కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో సార్జెంట్, కొంచెం పైకొస్తే హార్ట్‌ఫర్డ్ పక్కన న్యూ బ్రిటన్‌లో స్టాన్లీ, ఇంకా పైకి పోతే మసాచుసెట్స్‌లో గ్రీన్‌ఫీల్డ్ దగ్గర మిల్లర్స్ ఫాల్స్. ఈ చివర్నించి ఆ చివరికి కారులో రెండు గంటలు కూడా పట్టదు.

ముందు చిత్రికల సంగతి చూద్దాం, ఎందుకంటే డబ్బు పోయేది ఎక్కువ ఇక్కడే.

స్టాన్లీ గొప్పతనం లియొనార్డ్ బెయిలీ అనే ఆయన డిజైన్‌లో ఉంది. 1869లో ఆయన పేటెంట్లు స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ కొనేసింది, ఇవ్వాళ మనం షాపులో చూసే ఇనప చిత్రికలన్నీ ఇంచుమించు ఆ నమూనా పిల్లలే. వెనక ఇత్తడి చక్రం తిప్పితే బ్లేడు కిందకీ పైకీ కదలడం అదే. బ్లేడు పక్కకి వాలితే సరిచేసుకునే మీట మాత్రం స్టాన్లీ వాళ్ళు తర్వాత, 1880ల్లో చేర్చింది. నంబర్ 1 నుంచి 8 దాకా సైజులు, 4 అంటే నున్నగా చేసేది దాదాపు 9 అంగుళాలు, 5 అంటే 14 అంగుళాలు, 7 అంటే 22. నంబర్ చూసి పొడవు ఎన్ని అంగుళాలో తెలీదు, బట్టీ పట్టాల్సిందే.

స్టాన్లీ కొనడానికి అసలు కారణం పని నాణ్యత కాదు, నా లెక్కలో. కారణం ఏంటంటే దాని చరిత్ర మొత్తం ఎవరో ఓపిగ్గా తవ్వి తీసి టైపులుగా విడగొట్టేశారు. ఏ ఏళ్ళలో ఏ మార్పు జరిగిందో తెలుసు కాబట్టి సేకరించే సరదా ఉన్నవాళ్ళకి ఇది ఆటలాగా ఉంటుంది. ఉదాహరణకి ముందు పట్టుకునే గుండు పొట్టిగా ఉండి, బ్లేడు వెనక బాడీ మీద మూడు పేటెంట్ తేదీలు పోతపోసి ఉంటే అది టైప్ 11, అంటే సుమారు 1910 నుంచి 1918 మధ్యది. ఆ మూడింట్లో ఆఖరిది 1910 ఏప్రిల్ తేదీ. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు, ఆ తేదీ చూసి "1910లో తయారైంది" అనేస్తారు, అమ్మేవాడూ అదే చెప్తాడు. అది పేటెంట్ ఇచ్చిన తేదీ, తయారైన తేదీ కాదు. బ్లేడు మీద గుండె బొమ్మలో రెండక్షరాలుంటే, దాన్ని స్వీట్‌హార్ట్ అంటారు, అది 1920 నుంచి 1930ల మధ్య దాకా వాడిన గుర్తు, కంపెనీ ప్రెసిడెంట్ విలియమ్ హార్ట్ పేరు మీద గుండె పెట్టారు. కానీ గుండె ఉన్నది బ్లేడు మీద, బ్లేడేమో మార్చుకునే వస్తువు. బ్లేడు బట్టి చిత్రిక వయసు చెప్పడం అంటే టైరు చూసి కారు వయసు చెప్పినట్టు. లీవర్ క్యాప్‌లో రంధ్రం చిక్కుడు గింజ ఆకారంలో ఉంటే 1933 ఆ తర్వాతది, తాళం చెవి రంధ్రంలాగా ఉంటే అంతకు ముందుది. మా ఫ్రెండ్ ఫొటోలో నాకు దొరికినవి ఈ మూడే.

రెండో ప్రపంచ యుద్ధం నాటివి వేరే కథ. ఇత్తడి యుద్ధానికి పోవడంతో ఆ చక్రం స్థానంలో గట్టి రబ్బరుదో ఇనపదో వేశారు, పోత మాత్రం మందంగా ఉంటుంది. కొందరు చూడ్డానికి బాలేదని తీసిపారేస్తారు గానీ పనికి రాయిలాగా ఉంటాయి, నా దగ్గర ఒకటుంది, అమ్మను.

మిల్లర్స్ ఫాల్స్ కంపెనీ 1868 నాటిదే గానీ ఇనప చిత్రికల్లోకి వచ్చింది ఆలస్యంగా, 1929లో. అప్పటికి బెయిలీ పేటెంట్లు ఎప్పుడో ముగిసిపోయాయి కాబట్టి ఆ నమూనానే తీసుకుని కొంచెం మెరుగు చేశారు. లీవర్ క్యాప్ రెండు ముక్కలు, మధ్యలో మడత, అందువల్ల బ్లేడుని మూడు చోట్ల నొక్కి పట్టుకుంటుంది. గట్టి చెక్క మీద బ్లేడు కిచకిచలాడడం తగ్గుతుంది అన్నది కంపెనీ మాట. నా చేతికి ఆ తేడా నిజంగా తెలిసిందా అంటే, మేపుల్ చెక్క మీద కొంచెం తెలిసినట్టు అనిపించింది, పైన్ మీద ఏమీ తెలీలేదు. బ్లేడు ఆనుకునే ఏటవాలు దిమ్మకి ఎర్ర రంగేస్తారు, దాన్ని ఫ్రాగ్ అంటారు, మూల పడున్నా ఆ ఎరుపు చూసి గుర్తుపట్టొచ్చు. నంబర్లు కూడా తెలివిగా పెట్టారు, నంబర్ అంటే పొడవు. 9 అంటే 9 అంగుళాలు, స్టాన్లీ 4కి సమానం. 14 అంటే స్టాన్లీ 5. 22 అంటే స్టాన్లీ 7.

సార్జెంట్ వాళ్ళు అసలు తాళాల కంపెనీ. వాళ్ళ నంబర్లూ అంతే, ముందు 4 తీసేస్తే పొడవొస్తుంది, 409, 414, 422. కొన్నిటి మీద వీ.బీ.ఎం. అని ఉంటుంది, వెరీ బెస్ట్ మేడ్ అని, మన ఊళ్ళలో హోటల్ బోర్డు మీద "అసలైన" అని రాసుకున్నట్టు. కానీ సరుకు నిజంగానే మంచిది. ఇంకో కిటుకు ఏంటంటే సార్జెంట్ వాళ్ళు వేరే షాపుల పేర్లతో కూడా చేసిచ్చేవాళ్ళు, సియర్స్ వాళ్ళ ఫుల్టన్ పేరు మీద వచ్చినవి కొన్ని అలాంటివే. పేరు తెలీనోళ్ళు పది డాలర్లకి పడేస్తారు.

మరి ఏది కొనాలి. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా, కోప్పడేవాళ్ళు కోప్పడండి. చెక్క మీద పెట్టి వాడాలి అనుకుంటే మిల్లర్స్ ఫాల్స్ 9, లేదా 14. నేను చూసినంతలో అదే కండిషన్‌లో ఉన్న స్టాన్లీ కంటే పది పదిహేను డాలర్లు తక్కువకే వస్తుంది, పని ఒక్క పిసరు తక్కువ కాదు. బడ్జెట్ మరీ టైట్‌గా ఉంటే సార్జెంట్, అయితే కొన్ని పార్టులు స్టాన్లీవి దీనికి సరిపోవు, కాబట్టి అన్ని పార్టులూ ఉన్నదే తీసుకోండి, తర్వాత వెతుక్కుందాంలే అనుకోవద్దు, నేను ఒక 414కి హ్యాండిల్ స్క్రూ కోసం ఎనిమిది నెలలు తిరిగా. సేకరించి వరసగా పెట్టుకోవాలి, వయసులు పోల్చాలి అనుకుంటే మాత్రం స్టాన్లీనే, మిగతావాటికి అంత వివరంగా లెక్కలు తీసినవాళ్ళు తక్కువ, పైగా రేపు అమ్మాలన్నా కొనేవాళ్ళు ఉంటారు.

స్టాన్లీ పేరుంటే చాలు అనుకోకండి, హ్యాండీమ్యాన్, డిఫయన్స్ అని వాళ్ళే చవక రకాలు చేశారు. మిల్లర్స్ ఫాల్స్ వాళ్ళకి మొహాక్ షెల్బర్న్ అని అలాంటి చవక లైన్ ఉండేది. గేటు తలుపు కింద రాసుకుంటోందంటే గీకడానికి బానే పనికొస్తాయి, అంతకు మించి ఆశించొద్దు. అటు పైన చూస్తే స్టాన్లీలో బెడ్‌రాక్ అని 600 సిరీస్ ఉంది, 604, 605 అట్లా. ఫ్రాగ్ మొత్తం అడుగు మీద పరుచుకుని కూర్చుంటుంది, బాగుంటుంది, కానీ మామూలు దానికంటే మూడు నాలుగు రెట్లు చెప్తారు. కొత్తవాళ్ళకి అక్కర్లేదు. ఇంక నంబర్ 1 అని అరచేతిలో పట్టే బుజ్జిది ఒకటుంటుంది, వెయ్యి డాలర్ల పైన పలుకుతుంది, నకిలీలు కూడా ఉన్నాయి, తక్కువలో దొరికిందంటే ముందు అనుమానించండి. వించెస్టర్ పేరున్న చిత్రికలూ అంతే, తుపాకుల మీద మోజున్నవాళ్ళు కూడా కొంటారు కాబట్టి రేటు పైన కూర్చుంటుంది, మనకెందుకు.

కొనేటప్పుడు చూడాల్సింది తుప్పు కాదు. పైపైన తుప్పు పోతుంది. పగులు పోదు. అడుగున బ్లేడు బయటికొచ్చే నోరు దగ్గర రెండు మూలలూ వేలితో తడిమి చూడండి, పోత ఇనుము కాబట్టి కింద పడితే అక్కడే పగులుతుంది, పక్క గోడల మీద కూడా. వెల్డింగ్ చేసి రంగేసినవి ఉంటాయి, చిన్న టార్చి తీసుకెళ్ళండి. బ్లేడు ఎంత మిగిలుందో చూడండి, సాన పట్టీ పట్టీ అరిగిపోయి మధ్యలో గాడి దగ్గరికి అంగుళం కూడా లేదంటే రేటు తగ్గించమనండి. వెనక చెక్క పిడి విరిగి అంటించి ఉండడం చాలా మామూలు, అది తప్పు కాదు.

ఇత్తడి చక్రం విషయంలో మనవాళ్ళు చేసే పని ఒకటుంది, నేనూ చేశా. చింతపండు పెట్టి రాగి చెంబు తోమినట్టు తోమేశా, తళతళా మెరిసింది. బ్రిమ్‌ఫీల్డ్ పాత సామాన్ల సంతలో ఓ పెద్దాయనకి చూపిస్తే మొహం అదోలా పెట్టాడు. సేకరించేవాళ్ళకి ఆ నల్లబడ్డ పొరే కావాలంట. వాడుకోవడానికైతే మీ ఇష్టం, అమ్మే ఉద్దేశం ఉంటే చింతపండు పులుసులోకే ఉంచండి.

చిత్రికలయ్యాక రెండోది హ్యాండ్ డ్రిల్. మన దగ్గర వడ్రంగులు బర్మా అంటారే, దానికి గేరు చక్రం పెట్టి చేత్తో తిప్పేది. ఇక్కడ పోటీ పక్కపక్క ఊళ్ళ వాళ్ళ మధ్య, మిల్లర్స్ ఫాల్స్‌కీ గ్రీన్‌ఫీల్డ్‌లో ఉన్న గుడెల్-ప్రాట్‌కీ. గుడెల్-ప్రాట్ వాళ్ళు "1500 మంచి పనిముట్లు" అని చెప్పుకునేవాళ్ళు. 1930ల మొదట్లో వాళ్ళని మిల్లర్స్ ఫాల్స్ కలిపేసుకుంది. ఇక్కడ నాకు అనుమానమే లేదు, మిల్లర్స్ ఫాల్స్ నంబర్ 2 కొనండి. ఎర్ర చక్రం, పిడి లోపల డొల్ల, అందులో బిట్లు దాచుకోవచ్చు. చిన్న స్క్రూలకి ముందు రంధ్రం పెట్టుకోవడానికి ఇది పట్టుకుంటే కరెంట్ డ్రిల్ తీయబుద్ధి కాదు, రాత్రి పదకొండింటికి పిల్లలు పడుకున్నాక కూడా పని చేసుకోవచ్చు. కొనేముందు చక్, అంటే బిట్టుని పట్టుకునే మూతి, పూర్తిగా తెరిచి మూయండి, లోపల మూడు దవడలకీ సన్నటి స్ప్రింగులుంటాయి, ఎక్కువ పోయేది అవే. దవడలు వంకరగా వస్తున్నాయంటే స్ప్రింగు విరిగింది.

పెద్ద రంధ్రాలకి బ్రేసు, అంటే వంకర పిడి చేత్తో గుండ్రంగా తిప్పేది, దానికి ఆగర్ బిట్లు, అంటే మెలికలున్న బిట్లు. బ్రేసు ఏ కంపెనీదైనా పర్లేదు, తేడా అంతా బిట్లలో. కనెటికట్‌లో డీప్ రివర్ నుంచి వచ్చిన రస్సెల్ జెన్నింగ్స్ బిట్లకి రెండు మెలికలుంటాయి, రంధ్రం అంచు నీటుగా వస్తుంది, ఫర్నిచర్‌కి అదే. ఒహాయో నుంచి వచ్చిన ఇర్విన్ బిట్లకి మధ్యలో గట్టి కడ్డీ, చుట్టూ ఒకే మెలిక, పొట్టు చకచకా బయటికి తోసేస్తుంది, మందపాటి దూలాలకి, పచ్చి చెక్కకి ఇది మేలు. రెండూ కొనక్కర్లేదు, మీరు చేసేది బల్లలూ కుర్చీలైతే జెన్నింగ్స్. బిట్టు తోక మీద ఒక అంకె ఉంటుంది, అది అంగుళంలో పదహారో వంతుల లెక్క, 8 ఉంటే అర అంగుళం. 4 నుంచి 16 దాకా 13 బిట్లు పూర్తి సెట్. చివర సన్నటి మర మొద్దుబారిందేమో చూడండి, అది చెక్కని లోపలికి లాగకపోతే మీరు ఎంత నెట్టినా దండగే.

రంపాల దగ్గరికొస్తే న్యూ ఇంగ్లండ్ దాటి పోవాల్సిందే, ఎందుకంటే రాజు ఫిలడెల్ఫియాలో ఉన్నాడు. హెన్రీ డిస్‌స్టన్ 1840లో మొదలెట్టాడు, డి-8 మోడల్ 1874లో వచ్చింది, ఇప్పటికీ ఏ సేల్‌కి వెళ్ళినా నాలుగు దొరుకుతాయి. పిడికి గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద అక్షరాలు బట్టే కాలం చెప్తారు, "అండ్ సన్" అని ఒక్క కొడుకే ఉంటే సుమారు 1865 నుంచి 1871 మధ్యది, "సన్స్" అయితే ఆ తర్వాతది. ఇక్కడ పెద్ద బోల్తా ఇంకోటుంది, బిళ్ళ మీద "వారంటెడ్ సుపీరియర్" అని ఉంటే అదేదో కంపెనీ అనుకుంటారు. అది కంపెనీ పేరు కాదు, చాలామంది తయారీదారులు తమ చవక సరుకుకి వేసిన ఉత్త బిళ్ళ. అమ్మేవాడు "చాలా సుపీరియర్ అండీ" అని అదే చూపించి రేటు చెప్పాడు నాకు ఒకసారి, నవ్వాపుకోలేక పోయా.

పోటీలో ఇండియానాపొలిస్ నుంచి ఆట్కిన్స్, ఇటు మసాచుసెట్స్‌లో ఫిచ్‌బర్గ్ నుంచి సైమండ్స్. ఆట్కిన్స్ వాళ్ళు సిల్వర్ స్టీల్ అని రాసుకున్నారు, వెండిలా కనిపించినా కనిపించకపోయినా ఉక్కు బావుంటుంది. సైమండ్స్ మా లోకల్, దొరికేది తక్కువే గానీ దొరికితే వదలను. కానీ మొదటి రంపానికి పేరు పట్టించుకోవద్దు, వంకర ఉందా లేదా అదొక్కటే చూడండి. కంటి దగ్గర పెట్టుకుని వెన్ను పొడుగునా చూస్తే మడత తెలిసిపోతుంది. మడతున్న రంపం సరిచేయడం అనేది తెలిసినోడి పని. పిడి దగ్గర పళ్ళ పక్కన చిన్న అంకె ఉంటుంది, 8 అంటే అంగుళానికి 8 మొనలు. 5, 6 అట్లా ఉంటే సాధారణంగా నిలువు కోతకి, 8 నుంచి 11 దాకా అడ్డకోతకి. అయితే వందేళ్ళలో ఎవరో ఆకురాయితో పళ్ళు మార్చేసి ఉండొచ్చు, కళ్ళతో చూసే నమ్మండి.

ఉలుల గురించి పొడుగ్గా చెప్పను. మిల్బరీలో బక్ బ్రదర్స్, కనెటికట్‌లో సీమోర్ నుంచి స్వాన్, విన్‌స్టెడ్ నుంచి విథర్బీ, ఈ మూడింట్లో ఏది తక్కువకి వస్తే అది. మూడూ నా దగ్గరున్నాయి, సాన పట్టాక కళ్ళు మూసుకుని వాడితే ఏది ఏదో నేను చెప్పలేను. మా ఊళ్ళో వడ్రంగి తాత నేల మీద కూర్చుని కాలి బొటనవేళ్ళతో చెక్క పట్టుకుని ఒక్క ఉలి, ఒక్క బాడిశతో తలుపులు చేసేవాడు, ఆయన ఉలి మీద ఏ పేరూ లేదు, కొలిమిలో కొట్టించుకున్నది.

మూలమట్టం విషయంలో మాత్రం పేరు చూసే కొనండి, స్టారెట్. లెరాయ్ స్టారెట్ కాంబినేషన్ స్క్వేర్‌కి 1879లో పేటెంట్ తీసుకుని, మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోనే ఆథోల్‌లో కంపెనీ పెట్టాడు, ఆ కంపెనీ ఇంకా అక్కడే నడుస్తోంది. ప్రావిడెన్స్ వాళ్ళ బ్రౌన్ అండ్ షార్ప్ కూడా ఏమాత్రం తీసిపోదు, నాణ్యతలో సరిసమానం అనే చెప్తా, ఆ గుర్తున్నది తక్కువకి దొరికితే కళ్ళకద్దుకుని తెచ్చుకోండి. ఏదైనా అక్కడికక్కడే పరీక్ష చేయొచ్చు. తిన్నని అంచున్న అట్ట మీద మూలమట్టం అంచుకి ఆనించి పెన్సిల్‌తో గీత గీయండి, మూలమట్టం తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే సరే. విడిపోతే కనిపించే తేడా అసలు తప్పుకి రెట్టింపు.

ఎక్కడ కొనాలి అంటే, మాకు బ్రిమ్‌ఫీల్డ్ ఉంది. ఏడాదికి మూడుసార్లు, మే, జులై, సెప్టెంబర్లో, రూట్ 20 పొడుగునా పొలాల్లో జరిగే పాత సామాన్ల సంత. మన వారం సంతని వంద రెట్లు చేసినట్టుంటుంది. పొద్దున్నే వెళ్తే సరుకు బావుంటుంది, ఆఖరి రోజు మధ్యాహ్నం వెళ్తే రేటు బావుంటుంది, నేను రెండోదే. క్యాష్ పట్టుకెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొనేది మీరు వెతికే మోడల్ ఇక్కడ రెండేళ్ళు చూసినా దొరకనప్పుడే, అది కూడా అడుగు ఫొటో, నోటి దగ్గర ఫొటో పంపిస్తేనే. పంపనన్నాడంటే అక్కడ ఏదో ఉన్నట్టే.

ఇండియాకి పట్టుకెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టొద్దు, బ్లేడు తీసి విడిగా చుట్టి చెకిన్‌లో వేయండి, 7 నంబర్ చిత్రిక ఒక్కటే సుమారు 8 పౌండ్లు, లగేజ్ లెక్క చూసుకోండి. పాత స్టాన్లీ పిడులు చాలావరకు బ్రెజిల్ రోజ్‌వుడ్, ఆ చెక్క 1992 నుంచి అంతర్జాతీయ రక్షిత జాబితాలో అన్నిటికన్నా కఠినమైన దాంట్లో ఉంది, దేశాలు దాటించాలంటే పర్మిట్ వ్యవహారం. కాబట్టి బాబాయికి గిఫ్ట్ ఇవ్వాలంటే యుద్ధం తర్వాత వచ్చిన, మామూలు చెక్కకి రంగేసిన పిడి ఉన్నది ఏరుకోవడం తలనొప్పి తక్కువ.

వంద డాలర్లే పెడతాను, మొదలెట్టాలి అనేవాళ్ళు ఈ వరసలో వెళ్ళండి. మిల్లర్స్ ఫాల్స్ 9కి 30, మడత లేని డిస్‌స్టన్ అడ్డకోత రంపానికి 15, నంబర్ 2 డ్రిల్‌కి 20, ఏ పేరుదైనా ముప్పావు అంగుళం ఉలికి 10. ఇక్కడికి 75 అయింది. మిగిలిన 25కి మంచి సాన రాయి రాదు, స్టారెట్ కూడా మామూలుగా రాదు, కాబట్టి మూలమట్టానికి అవి దాచి, సానకి ప్రస్తుతానికి మందపాటి అద్దం ముక్క మీద సన్నటి ఉప్పు కాగితం అంటించుకుని కానివ్వండి, నేను మొదటి ఏడాదంతా అలాగే గడిపా.